చెంప మీద ఉప్పు మూట

ముందే ఒక మాట చెప్పేస్తాను. నా ముఖం ఇట్లా కావడానికి ఏ డాక్టరూ కారణం కాదు. సంగతి విన్నవాళ్లంతా మొదట అడిగేది అదే, ఏ ఆసుపత్రి, కేసు వేశారా అని. ఆపరేషను బాగానే జరిగింది. పాడైంది ఆ తర్వాత, మా ఇంట్లో. గండం గడిచిందని ఇప్పుడు అందరూ అంటున్నారు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. రాస్తే మనసు కొంచెం కుదుటపడుతుందని ఒక ఆశ, చదివినవాళ్లలో ఒక్కరైనా జాగ్రత్తపడతారని ఇంకో ఆశ.

జ్యేష్ఠం

మాది వరంగల్ మట్టెవాడలో పెండ్లి పట్టుచీరల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ఉన్న ఒక్క కూతురికీ పెండ్లయింది. ఇంట్లో ఉండేది నేను, మా ఆయన, మా అత్తమ్మ శకుంతలమ్మ. అత్తమ్మ కళ్లకు పొరలు కమ్మాయి. ఆపరేషను చేయిద్దామంటే, ఉన్న చూపు కూడా పోతుందేమోనని ప్రతి ఏడూ వాయిదా వేస్తుంది.

ఈ మధ్య దుకాణాల తీరు మారింది. చీరలను ఫోనులో లైవ్ పెట్టి అమ్ముతున్నాం. కెమెరా ముందు నిలబడి చీర మడత విప్పి, కొంగు భుజాన వేసుకుని చూపించేది నేనే. మాట్లాడటం నాకు ఒకరు నేర్పక్కర్లేదు. చూసేవాళ్లు కింద రాస్తూ ఉంటారు. అంచు దగ్గరగా చూపించండి, ఇదే చీర ఆకుపచ్చలో ఉందా, ఇట్లాంటివి. మధ్యలో ఎవరో ఒకరు, "చీర బాగుంది, అమ్మమ్మ బుగ్గలే జారిపోయినయ్" అని రాస్తారు. దాని కింద నవ్వు బొమ్మలు వరుసగా వచ్చి పడతాయి.

ఎదురుగా నిలబడి అంటే నేనూ నాలుగు అంటించేదాన్ని. ఫోనులో రాసి పోయేవాళ్లను ఎక్కడ పట్టుకుని అనాలి? యాభై దాటాక ఒక జ్వరంలో బరువు బాగా తగ్గాను, అప్పటి నుంచి దవడల కింద చర్మం వేలాడుతున్న మాట నిజమే. ఇంట్లో అద్దం ముందు నిలబడి రెండు చెవుల దగ్గరా చర్మాన్ని వెనక్కి లాగి చూసుకునేదాన్ని. పెండ్లినాటి ముఖం కాసేపు కనబడేది. చేతులు తీస్తే పోయేది.

హైదరాబాదులో ముఖం బిగించే ఆపరేషను చేస్తారని తెలిసి, మా ఆయన వెంటపడి ఒప్పించాను. ఆయన ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"అమ్మకు మాత్రం చెప్పకు. ఈ వయసుల సోకులా అంటది. అన్నదంటే బజారంతా అంటది. దవడ పన్ను ఆపరేషన్ అని చెప్పు" అన్నాడు.

నాకూ అదే మంచిదనిపించింది. పన్ను అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. కాగితం మీద ముఖం బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పింది. పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద పల్చగా గట్టిగా ఉండే ఇంకో పొర. నిజంగా ఎత్తి కుట్టేది ఆ లోపలి పొరనట. చర్మాన్ని చెవి ముందు నుంచి విడదీసి, పని అయ్యాక మళ్లీ పరిచి కుడతారట. ముఖాన్ని కదిలించే నరం లోపలి పొర కింద భద్రంగా ఉంటుంది, దాన్ని ముట్టుకోము అంది. చర్మానికి తాకిడి తెలిపే సన్నటి నరాలు మాత్రం విడదీసేటప్పుడు తెగుతాయి, చెంప, చెవి తమ్మె కొన్ని నెలలు మొద్దుబారి ఉంటాయి అంది. విడదీసిన చర్మానికి నెత్తురు కూడా కొన్నాళ్లు అంతంతమాత్రంగానే అందుతుందంది.

"ఇంకేమైనా అడుగుతారా అమ్మా?" అంది చివరికి.

"కుట్లు కనవడ్తయా?" అన్నాను. అంత చెప్పాక నేను అడిగింది అది ఒక్కటే.

నాకు తెలిసిన విద్య బట్ట. ముడతలు పడ్డ పట్టుచీరను రోలింగుకు ఇస్తే సాపుగా అయి వస్తుంది. ముఖాన్నీ రోలింగుకు ఇస్తున్నాననే అనుకున్నాను. ఆ బొమ్మలో నరాలన్నీ ఆమె ఎర్ర పెన్నుతో గీసింది. నేను మాత్రం బొమ్మలోని మనిషి బుగ్గలు ఎంత బిగువుగా ఉన్నాయో చూస్తూ కూర్చున్నాను.

ఆషాఢం

ఆషాఢంలో పెండ్లిళ్లు ఉండవు, మాకు పని తక్కువ. కొత్త కోడళ్లు అత్తగారింటి నుంచి పుట్టింటికి పోయే నెలలో, పాత కోడలిని నేను హైదరాబాదు ఆసుపత్రికి పోయాను. శ్రావణం గిరాకీకి కొత్త ముఖంతో నిలబడాలని లెక్క వేసుకున్నాను.

ఆపరేషను అయ్యాక ముఖం వాచి, నల్లగా కమిలి, నన్ను నేనే గుర్తుపట్టలేదు. అది మామూలే అన్నారు. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ జాగ్రత్తలు చెప్పింది. హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, హాట్ బ్యాగ్ పెట్టొద్దు, వేడి తగలనియ్యొద్దు. మా ఇంట్లో ఆ రెండూ లేవు. తల ఊపి వచ్చేశాను.

అత్తమ్మ నాకు మెత్తటి అన్నం, పలచటి చారు చేసి పెట్టింది. తలకు కట్టు, మీద చున్నీ, ఆమెకు కనిపించేది అంతే. కుడివైపు వాపు తీసింది. ఎడమవైపు ఇంకా ఉంది. ఆమె చేత్తో తడిమి చూసి, "పన్ను తీసిన దిక్కే ఉన్నది వాపు" అంది. ఆపరేషను రెండు వైపులా జరిగిందని నేనెట్లా చెప్పేది?

"కాపడం పెట్టకపోతే దవడ బిగుసుకపోతదే విజయా. నోరు తెరువరాకుంట అయితవ్" అంది.

మా ఇండ్లలో వాపు అంటే కాపడమే. పన్ను వాచినా, కాలు బెణికినా, బాలింతకు నడుము పట్టినా ఇనుప పెనం మీద గల్లుప్పు వేయించి, పాత నూలు గుడ్డలో మూట కట్టి అద్దుతారు. దాన్ని హాట్ బ్యాగ్ అనుకోవాలని నాకు తట్టనే లేదు. అది అత్తమ్మ చేయి లాంటిది, ఇంట్లో ఎప్పుడూ ఉండేది.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. కట్టు తీసి, ఎడమ చెంప పైకి ఉండేట్టు నేను ఆమె ఒళ్లో తల పెట్టుకున్నాను. మా అమ్మ పోయాక నా తలను అట్లా ఒళ్లోకి తీసుకున్నవాళ్లు లేరు. మూటను ముందు తన మణికట్టు మీద పెట్టుకుని చూసుకుంది. తర్వాత నా చెంప మీద పెట్టింది.

"కాలితే చెప్పు బిడ్డా" అంది.

"కాలుత లేదు అత్తమ్మా. మంచిగుంది" అన్నాను.

నిజంగానే మంచిగుంది. చెంప మీద ఏమీ తెలియలేదు గానీ, మెడ మీదికి, కణత మీదికి వెచ్చదనం పాకి హాయిగా ఉంది. కింద దుకాణంలో మా ఆయన ఎవరికో చీరలు చూపిస్తున్నాడు. మూట చల్లారితే ఆమె పొయ్యి దగ్గరికి తడుముకుంటూ పోయి మళ్లీ వేడి చేసి తెచ్చింది.

"ఇంకా జర వేడి ఉండాల్నా?" అని అడిగింది.

"ఉంటే మంచిదే" అన్నాను. ఆ మాట అన్నది నేనే. అట్లాగే నిద్రపోయాను.

ఆషాఢం చివర

సాయంత్రానికి చెంప మీద బొబ్బ లేచింది. కట్టు కట్టేసుకుని ఊరుకున్నాను. తెల్లవారి అద్దంలో చూస్తే బొబ్బ చుట్టూ చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. వేలితో నొక్కాను, నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని కాసేపు ధైర్యం చెప్పుకున్నాను కూడా. ఆ మరునాటికి రంగు ఊదాకు తిరిగింది. అప్పుడు మా ఆయనను పిలిచి చూపించాను. ఆయన ముఖం తిప్పుకుని కారు తాళాలు తీసుకున్నాడు.

జనగామ దాటాక రోడ్డు మీది నుంచి చూపు తీయకుండా, "ఎవరి కోసం చేసుకున్నవే ఇది? నేనేమన్న అన్ననా ఎప్పుడన్న?" అన్నాడు. ఏడుద్దామన్నా కట్టు తడుస్తుందని భయం.

డాక్టరమ్మ కట్టు విప్పి చాలాసేపు చూసింది.

"వేడి ఎవరు పెట్టారు?" అంది.

"నేనే పెట్టుకున్న" అన్నాను.

మా ఆయన నా వైపు చూశాడు. సంగతి ఆయనకు తెలుసు.

ఆమె ఆ పాత బొమ్మ లాంటిదే ఇంకోటి గీసింది. ఈసారి నేను కళ్లార్పకుండా చూశాను. మామూలు చెంప అయితే వేడి తగలగానే మనిషి తల పక్కకు జరుపుకుంటాడు. లోపలి నెత్తురు కూడా ఆ వేడిని లాగేస్తుంది. నా చెంపకు తెలిపే నరం లేదు, లాగేసేంత నెత్తురు లేదు. అందుకే పూర్తిగా ఉడికిపోయిందని చెప్పింది. ఉడికిపోయింది అనే అంది. చచ్చిన చర్మం నల్లబడి గట్టిపడుతుంది, దాన్ని కోసి తీసేయాలి, కింద చీము పట్టి లోపలి పొర దాటిందంటే ముఖాన్ని కదిలించే నరం కూడా పోవచ్చు. అప్పుడు సగం ముఖం నవ్వదు, కన్ను మూతపడదు.

బుగ్గలు జారాయని వచ్చినదాన్ని, సగం ముఖమైనా మిగిలితే చాలని ఆ గదిలో దండం పెట్టుకున్నాను.

శ్రావణం

చచ్చిన చర్మాన్ని హైదరాబాదులోనే కోసి తీశారు. జ్వరం తగ్గేదాకా అక్కడే ఉంచుకున్నారు. రోజూ పొద్దున డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడి, "నవ్వండి. పళ్లు చూపించండి. కళ్లు గట్టిగా మూయండి. బుగ్గలు ఊదండి" అనేది. నవ్వు రాని రోజుల్లో అంత శ్రద్ధగా నవ్వడం నాకు అప్పుడే తెలిసింది. నేను చేస్తుంటే ఆమె నోటి మూలను చూసేది, నేను ఆమె కళ్లను చూసేదాన్ని. ఒకరోజు ఎడమ మూల కొంచెం ఆలస్యంగా కదిలిందంది. ఆ రోజంతా నేను గోడ వైపు తిరిగి నవ్వుతూనే ఉన్నాను, కదులుతుందో లేదో వేలు పెట్టి చూసుకుంటూ.

తర్వాత కట్లు మార్పించుకోవడానికి వరంగల్లోనే ఒక దవాఖానకు పోయేదాన్ని. అక్కడ వరుసగా బెంచీలు, అందరూ ఏదో ఒకటి కట్టించుకోవడానికి వచ్చినవాళ్లే. లోపలికి వచ్చే ప్రతివాడూ ముందు నా ముఖం చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ చూసేవాడు. మా చీరల గిరాకీలు ఎవరైనా కనిపిస్తారేమోనని కొంగు కప్పుకుని కూర్చునేదాన్ని.

పాలకుర్తి దిక్కు నుంచి ఒకామె వచ్చేది, ఎల్లవ్వ. కూలికి పోయే మనిషి. ఆమె భర్తకు అంబర్ పొగాకు నమిలి నమిలి బుగ్గకు పుండు లేస్తే కోసి తీశారు. ఒకరోజు ఆయనను లోపలికి పంపి, వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది. కుడి పక్కన బెంచీ అంతా ఖాళీగానే ఉంది.

"జర అటు జరుగక్కా, గాలి వస్తది" అన్నాను విసుగ్గా.

"ఉండనీ. మా ఆయనకు గూడ ఇట్లనే కూసుంట. వచ్చెటోళ్లకు ముందు నేను కనవడ్త. నన్ను సూసుకుంట పోతరు" అంది.

కప్పుకున్న కొంగును కొంచెం వదులు చేసుకున్నాను. కాసేపటికి ఆమె, "నీకేమైందక్కా?" అని అడిగింది. పుండు కోయించుకున్నవాడి భార్య ముందు, అందం కోసం కోయించుకున్నానని ఎట్లా చెప్పాలి? "కాలింది" అన్నాను.

"అయ్యో, వంట కాడనా?" అంది.

తల ఊపాను. నా అబద్ధాల్లో అది ఎన్నోదో. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా ఆమె ఎడమ పక్కనే కూర్చుంది. కొన్నాళ్లకు రావడం మానేసింది. భర్త సంగతి ఏమైందో అడిగే ధైర్యం నాకు చాలలేదు.

బతుకమ్మ రోజులు

చీము లేకుండా శుభ్రపడ్డ పుండు మీద తొడ నుంచి తీసిన చర్మం వేశారు. అది పట్టుకుందో లేదో చూసేదాకా తల కదపొద్దన్నారు. ఇంట్లో మంచం మీద దిండ్ల మధ్య పడి ఉంటే వీధిలో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్న పాటలు వినబడేవి. ఏటా ఆ గుంపులో గొంతెత్తేదాన్ని నేనే. ఆ ఏడు మా ఇంటి బతుకమ్మను అత్తమ్మ ఒక్కతే తడుముకుంటూ పేర్చింది.

నా పంటి దగ్గర చీము పట్టి కోశారనే ఆమె నమ్మకం. ఎవరొచ్చినా, "గా పన్ను తీసినోని చెయ్యి ఇరుగ. మంచి బిడ్డను మంచాన పడేసిండు" అని తిట్టేది. లేని పంటి డాక్టరుకు మా ఇంట్లో రోజూ శాపనార్థాలు. నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

దుకాణం లైవ్‌లో ఆయనే నిలబడ్డాడు. కొంగు ఎటు వేసుకోవాలో తెలియక చీరను తువ్వాలలా భుజాన వేసుకుంటుంటే మంచంలోనే ఫోనులో చూసి నవ్వు వచ్చింది, తొడ మీది గాయం మండింది. ఆయన ముఖం నిండా ముడతలే. వాటి గురించి ఒక్కరూ రాయలేదు. అంకుల్ నిదానంగా చూపిస్తున్నారు, ధన్యవాదాలు అని రాశారు. నాకు చాలా కోపం వచ్చింది, ఎవరి మీద చూపాలో తెలియలేదు.

మాఘం

వేసిన చర్మం పట్టుకుంది. నరం మిగిలింది. నవ్వితే రెండు మూలలూ కదులుతాయి, కన్ను మూతపడుతుంది. చెంప మీద మాత్రం చెవి ముందు నుంచి దవడ దాకా గుండ్రటి మచ్చ, చుట్టూ ఉన్న రంగు కంటే నల్లగా, కొంచెం గుంటగా. దాని అంచులు లాగుతుంటాయి. డాక్టరమ్మ దూదితో తాకుతూ తెలిసిన చోటా తెలియని చోటా గుర్తులు పెట్టింది. అంచుల్లో కొంత వస్తుందేమో గానీ మచ్చ మధ్యలో ఇక ఆశ పెట్టుకోవద్దంది.

ఆ నెలలోనే అత్తమ్మ ఎట్టకేలకు కంటి ఆపరేషనుకు ఒప్పుకుంది. మేడారం జాతర దగ్గరపడుతోంది, సమ్మక్క గద్దెను కళ్లారా చూస్తానని ఆమె కోరిక. నా దవడ నయమైతే నా ఎత్తు బంగారం, అంటే నా బరువు బెల్లం, తూచి ఇస్తానని మొక్కుకుంది కూడా.

కంటి కట్టు విప్పాక ఇంటికి వచ్చింది. గోడలు చూసింది, కొడుకును చూసి ముసలోనివైనవురా అంది. తర్వాత నన్ను వెలుతురులోకి రమ్మని గడ్డం పట్టుకుని చెంప తిప్పింది.

చాలాసేపు చూసింది. తన కుడి చేయి పిడికిలి పట్టి మచ్చ ముందు పెట్టి చూసుకుంది.

"ఉప్పు మూటంత ఉన్నది" అంది.

"పన్ను తీస్తె మచ్చ బయటికెట్ల వస్తదే? చెవి ముంగట గీ గీతేంది?"

చెప్పాను. పన్ను లేదని, ముఖం బిగించుకోవడానికి పోయానని, చర్మానికి తాకిడి తెలియదని నాకు ముందే చెప్పినా ఆమెకు చెప్పలేదని, కాలుత లేదన్నది నేనేనని. మధ్యలో మా ఆయన వచ్చి, "నేనే చెప్పొద్దన్ననే అమ్మా" అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"సమ్మక్కకు పన్ను అని మొక్కిన" అంది చివరికి. "అగ్గి పెట్టింది నేను. మొక్కింది నేను."

"నీకేం ఎరుక అత్తమ్మా, నీ తప్పేమున్నది" అన్నాను.

"నాకు ఎరుక చేస్తె చేద్దునా?" అని లేచి లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి ఆమె పొయ్యి ముట్టించలేదు. అంతకుముందు దారిన పోతూ నా తల నిమిరేది, జడ సర్దేది, అవన్నీ మానేసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. కొత్త చూపుతో బయటికి చూసేది గానీ నా వైపు చూసేది కాదు. ఇనుప పెనం ఏమైందో ఇప్పటికీ కనిపించలేదు. మేడారం పోదామని మేం లేవనెత్తలేదు, ఆమె అడగలేదు. బెల్లం తూచనే లేదు. చర్మం కాలిన నొప్పి నాకు ఎప్పుడూ తెలియలేదు. ఆ రోజుల నొప్పి మాత్రం పూర్తిగా తెలిసింది.

ఇప్పుడు

ముఖం ఆపరేషను చేయించుకోవాలనుకునేవాళ్లు నా దగ్గరికి వస్తే, వద్దని నేను చెప్పను. ఫోను ముందు నిలబడి నవ్వులపాలైనదాన్ని, ఆ బాధ నాకు తెలుసు. డాక్టరు బొమ్మ గీస్తే ఆ బొమ్మను చూడండి అంటాను. ఏది కోస్తారు, ఏది తెగుతుంది, ఎన్నాళ్లు చర్మానికి తాకిడి తెలియదు, నెత్తురు ఎట్లా అందుతుంది, అన్నీ అడగండి. కుట్ల సంగతి ఆఖర్న అడగండి. ఇంటికి వచ్చాక మీ ముఖం మీద ఎవరి చేయి పడుతుందో వాళ్లకు ముందు నిజం చెప్పండి. సిగ్గయినా చెప్పండి.

మొన్న మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నేను పోయి, అడగకుండా, ఆమె ఒళ్లో తల పెట్టుకున్నాను, ఎడమ చెంప పైకి. ఆమె చేతులు గాలిలో ఆగిపోయాయి. కింద మా ఆయన ఎవరికో చీర ధర చెబుతున్నాడు.

"డాక్టరమ్మ దూదితోని చూసింది. నువ్వు వేలుతోని చూడు" అన్నాను.

తర్వాత కణత మీద ఆమె వేలు ఆనింది.

"తెలిస్తే చెప్పు బిడ్డా" అంది.

"తెలుస్తాంది."

వేలు కొంచెం కిందికి దిగింది.

"ఇక్కడ?"

"తెలుస్తాంది."

మళ్లీ దిగింది. ఆ తర్వాత ఎక్కడుందో నాకు తెలియలేదు. పైకి చూశాను. ఆమె చేయి నా చెంప మీదే ఉంది, అరచేయి మొత్తం, మచ్చను కప్పి.

"ఇక్కడ?" అంది.

తెలుస్తాంది అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్లు ఇప్పుడు బాగా కనిపిస్తాయి, నన్నే చూస్తున్నాయి.

"లేదు అత్తమ్మా. ఏం తెలుస్త లేదు" అన్నాను.

ఆమె చేయి తీయలేదు.